బెంగళూరులో ఆర్గానిక్ కూరగాయలు: బడ్జెట్ దాటకుండా ఎలా కొనాలి

ఈ నెల నుంచి అన్నీ ఆర్గానిక్‌వే అని మొదలుపెట్టి, రెండో నెల బిల్లు చూసి మానేసిన ఇళ్లు బెంగళూరులో చాలా ఉన్నాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మాట వచ్చి తీరుతుంది: "పిల్లలకి మందు కొట్టినవి పెట్టబుద్ధి కాదు, అలాగని కిలో టమాటాకి అంత పెట్టలేం." ఈ టెన్షన్ అక్కర్లేదు. అన్నీ ఆర్గానిక్ కొనాలన్న పట్టు వదిలేసి, ఏ సరుకు మీద అదనంగా పెట్టిన రూపాయికి ఎక్కువ మేలు ఉందో చూసుకుని అక్కడ మాత్రమే పెడితే సరిపోతుంది. అదెలాగో వరుసగా చెబుతాను. ఒక ఆదివారం కాగితం, పెన్ను, వంటింటి తూకం దగ్గర పెట్టుకుని కూర్చుంటే మొదటి మూడు పనులు అయిపోతాయి.

1. ముందు ఇంటికి ఎంత కావాలో రాసుకోండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ఆకుకూరలు, కూరగాయలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. నలుగురున్న ఇంటికి కూరలే రోజుకు 1.6 కిలోలు, నెలకు 48 కిలోలు అవుతాయి. మన ఇళ్లలో చాలావాటిలో అంత తినరు. అన్నం ఎక్కువ, కూర పక్కన కాస్త.

ఆర్గానిక్ మాట ఎత్తేముందు ఈ అంకె చూసుకోండి. రెట్టింపు ధర పెట్టి, పళ్లెంలో కూర సగానికి తగ్గిస్తే ఒంటికి నష్టమే. 2012లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. పురుగుమందుల అవశేషాలు మాత్రం ఆర్గానిక్‌లో తక్కువ. 2014లో బ్రిటన్‌లోని న్యూకాసిల్ బృందం చేసిన విశ్లేషణలో యాంటీ ఆక్సిడెంట్లు కాస్త ఎక్కువని, ఒంటికి హాని చేసే కాడ్మియం అనే లోహం తక్కువని తేలింది. అంటే మనం అదనంగా కట్టేది ముఖ్యంగా మందు అవశేషాలు తగ్గడం కోసం, పొలం మంచిగా ఉండడం కోసం. విటమిన్ల కోసం అయితే మామూలు తోటకూర ఇంకో కట్ట ఎక్కువ కొనడమే మంచి బేరం. నా దృష్టిలో మొదటి నియమం ఇదే: కూర పరిమాణం తగ్గించి ఆర్గానిక్ కొనకండి.

2. వండే ధర తీయండి

సంచి మీద ఉన్న ధర వేరు, గిన్నెలోకి వచ్చినదాని ధర వేరు. పాలకూర తీసుకుని చూద్దాం. బండి మీద కట్ట 20 రూపాయలు, తూకం వేస్తే 300 గ్రాములు ఉందనుకోండి. వేళ్లు కోసి, మట్టి కాడలు, పండిన ఆకులు, తాడు దగ్గర నలిగినవి తీసేస్తే చేతికి వచ్చేది 210 గ్రాములు. ఆర్గానిక్ షాపులో ఏరి పెట్టిన 250 గ్రాముల ప్యాకెట్ 40 రూపాయలు, అందులో పనికొచ్చేది 225 గ్రాములు. కొన్న బరువు చూస్తే 100 గ్రాములకు 6.70కి 16, అంటే 2.4 రెట్లు. వండే బరువు చూస్తే 9.50కి 17.80, రెండు రెట్లు కూడా లేదు.

ఇదే లెక్క తిరగబడే సందర్భం కూడా ఉంది. ఆ ప్యాకెట్ షాపులో ఇప్పటికే రెండు రోజులు ఉండి, మీ ఫ్రిజ్‌లో ఇంకో రెండు రోజులు ఉంటే సగం ఆకు జిగురుగా మారి చెత్తబుట్టకు పోతుంది. అప్పుడది నాలుగు రెట్లకు దగ్గర. అందుకే ఈ అంకెలు నావి తీసుకోకండి. మీ వీధి బండి, మీ షాపు, మీ ఫ్రిజ్ తీసుకుని మీరు వాడే పది రకాలకు ఇలా తూకం వేయండి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసేవాళ్లు మరీ జాగ్రత్త. పక్కపక్కనే కనబడే రెండు ధరల్లో ఒకటి 500 గ్రాములది, ఇంకొకటి 250 గ్రాములది అయి ఉంటుంది. డెలివరీ ఛార్జీ కూడా కిలోకి ఎంత పడుతుందో పంచి కలుపుకోండి.

మామూలు ధర అంటే ఎవరి ధర? దీనికి హాప్‌కామ్స్ ధర పెట్టుకోండి. 1959లో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలై ఇప్పుడు నగరమంతా కూరగాయలు, పండ్ల స్టాళ్లున్న సంస్థ అది. ఏ రోజు ధర ఆ రోజు ప్రకటిస్తారు. మడివాళ మార్కెట్‌లో ఇంకా తక్కువకు దొరకవచ్చు, సూపర్ మార్కెట్‌లో ఎక్కువ ఉండవచ్చు. పోల్చడానికి నిలకడగా ఒక్క ధర ఉంటే చాలు.

3. ఎన్ని రెట్లు అని ఆగిపోకండి, నెలకు ఎన్ని రూపాయలో చూడండి

మనం పొరబడేది ఎక్కువగా ఇక్కడే. కరివేపాకు కట్ట మామూలుది 5 రూపాయలు, ఆర్గానిక్‌ది 15 అనుకుందాం. మూడు రెట్లు! వెంటనే పక్కన పెట్టేస్తాం. కానీ నెలకు ఎనిమిది కట్టలు వాడితే తేడా 80 రూపాయలే. బియ్యం కిలో 60కి బదులు 100 అయితే రెండు రెట్లు కూడా కాదు, పర్వాలేదనిపిస్తుంది. నెలకు 25 కిలోలు తినే ఇంటికి ఆ తేడా 1,000 రూపాయలు.

మొత్తం కూరలకు ఇదే చేయండి. మామూలువి సగటున కిలో 45, ఆర్గానిక్‌వి 90 అనుకుంటే, 48 కిలోలూ ఆర్గానిక్ కొన్న ఇంటికి నెలకు 2,160 రూపాయలు అదనం. అందులో ఎక్కువ మందు పడే రకాలు 14 కిలోలే ఉన్నాయనుకోండి, వాటికి మాత్రమే ఆర్గానిక్ కొంటే అదనం 630. ఆ 14 కిలోలు ఏవో తేల్చుకోవడమే తరువాతి పని.

4. మందు ఎక్కువ పడే పంటలు వేరు చేయండి

ఇంటర్నెట్‌లో తిరిగే అమెరికా జాబితాలు పట్టుకోకండి. స్ట్రాబెర్రీ, కేల్ మన వంటింట్లో ఎంత? మన పొలాల్లో ఏ పంటకు ఏ పురుగు పడుతుందో తెలిస్తే జాబితా దానంతట అదే వస్తుంది. ఊళ్లో వ్యవసాయం చేసే చిన్నాన్ననో, మేనమామనో అడిగితే ఇంకా బాగా చెబుతారు.

వంకాయకు మొవ్వు, కాయ తొలిచే పురుగు పెద్ద శత్రువు. పురుగు కాయ లోపలికి వెళ్లాక మందు తగలదు కాబట్టి రైతు ముందే, మళ్లీ మళ్లీ కొడతాడు. కాలీఫ్లవర్, క్యాబేజీలకు ఆకు తినే పురుగుల బెడద, పైగా కాలీఫ్లవర్ పువ్వు సందుల్లో మందు నిలుస్తుంది. బెండకాయ, పచ్చిమిర్చి సంగతి ఇంకో రకం. బెండ రోజు మార్చి రోజు కోయకపోతే ముదిరిపోతుంది. మందు కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని డబ్బా మీద రాసి ఉన్నా, కాయ ఆగదు. ద్రాక్షకు వాన పడితే చాలు బూజు తెగులు. ఇక కరివేపాకు. రోజూ పోపులో వేస్తాం, పిల్లలతో నమిలించాలని చూస్తాం, దానికీ మందు పడుతుందని ఎవరం అనుకోం. భారత్ నుంచి వెళ్లే కరివేపాకు, బెండకాయల్లో అవశేషాలు ఎక్కువ వస్తున్నాయని యూరప్ దేశాలు సరిహద్దుల్లో ప్రత్యేక తనిఖీ పెట్టిన సంగతి తెలిస్తే దాన్ని తేలిగ్గా తీసుకోరు. ఆకుకూరలన్నీ కూడా ఈ జాబితాలోనే పెట్టండి. తొక్క లేదు, తక్కువ రోజుల పంట.

రెండో వైపు ఆర్గానిక్ కోసం తొందరపడక్కర్లేనివి: కొబ్బరి, అరటి, బొప్పాయి, పనస, గుమ్మడి, బూడిద గుమ్మడి, కంద, చామ, ఉల్లి, చెక్కు తీసి వండే బెంగళూరు వంకాయ (సీమ వంకాయ). చాలావాటికి పై తొక్క మందం, దాన్ని తీసి పారేస్తాం. చలికాలంలో అనపకాయలు కూడా ఈ వైపే వేస్తాను. తొక్క ఒలిచి, నానబెట్టి, పితికి, పప్పు తీసేసరికి రెండు పొరలు పోతాయి.

మామిడి విషయంలో అసలు ప్రశ్న వేరే. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం, ఇథిలీన్ గ్యాస్‌ను పరిమితి మేరకు వాడవచ్చు. చెట్టు ఆర్గానిక్ అయినా మగ్గబెట్టింది కార్బైడ్‌తో అయితే డబ్బు దండగ. కాబట్టి కాయలు కొని ఇంట్లోనే గడ్డిలో వేసుకోండి.

పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ 14 కిలోల జాబితాను కొంచెం పెంచినా నేను తప్పు పట్టను. పిల్లలు వాళ్ల బరువుతో పోలిస్తే మనకన్నా ఎక్కువ తింటారు. ఇంకొక మాట ఉంది. పళ్లెంలోకి వచ్చే మందు కన్నా, చేతికి గ్లౌజులు కూడా లేకుండా వీపున పంపు మోసి కొట్టే మనిషి మీద పడే మందు చాలా ఎక్కువ. మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఆంక్ష వచ్చింది, అంత ప్రమాదకరమైనది. ఆర్గానిక్ వంకాయకు మనం పెట్టే ఎక్కువ డబ్బులో ఆ మనిషి ఆరోగ్యం వాటా ఉంది. నాకు ఈ కారణం ఒక్కటే చాలు.

5. ఆర్గానిక్ అన్నది నిజమో కాదో చూసుకోండి

ఎక్కువ ధర కట్టి మామూలు సరుకు తెచ్చుకోవడం కన్నా బాధ లేదు. ప్యాకెట్ అయితే పని సులువు. ఆర్గానిక్ ఆహారంపై కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు 2017లో వచ్చి 2018 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ప్యాకెట్ మీద జైవిక్ భారత్, ఇండియా ఆర్గానిక్ వంటి ప్రభుత్వ గుర్తింపు ఉన్న లోగో, 14 అంకెల లైసెన్సు నంబరు, కేంద్ర ప్రభుత్వ ఆర్గానిక్ సర్టిఫికెట్ పద్ధతి అయిన ఎన్‌పీఓపీ కింద అయితే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పేరు ఉండాలి. రైతులే గుంపులుగా ఏర్పడి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పీజీఎస్ ఇండియా పద్ధతి కూడా చట్టం ఒప్పుకున్నదే, చిన్న రైతులకు ఖర్చు తక్కువ. నేచురల్, ఫార్మ్ ఫ్రెష్, రెసిడ్యూ ఫ్రీ, హైడ్రోపోనిక్ అని ఉంటే అవేవీ ఆర్గానిక్ కాదు. హైడ్రోపోనిక్ అంటే నీళ్లలో ఖనిజ లవణాలు కలిపి పెంచినది. శుభ్రంగా ఉండవచ్చు, కానీ దానికి ఆర్గానిక్ ధర ఎందుకు?

విడిగా అమ్మేవాటి దగ్గరే చిక్కు. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకం ఉన్న చిన్న రైతు నేరుగా మనకు అమ్మితే సర్టిఫికెట్ లేకపోయినా నిబంధనలు ఒప్పుకుంటాయి, లోగో మాత్రం వేయకూడదు. కాబట్టి అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వారానికోసారి బల్ల వేసే మనిషి దగ్గర కాగితం లేదంటే మోసమని కాదు. మాట్లాడండి. "అన్నా, పొలం ఏ ఊళ్లో? ఈ వారం మీ దగ్గర లేని కూరలు ఏవి?" రెండో ప్రశ్న చాలా పని చేస్తుంది. సొంత పొలం ఉన్నవాడు "బీన్స్ అయిపోయాయక్కా, ఇంకో మూడు వారాలు పడుతుంది" అంటాడు. ఏడాది పొడవునా ముప్పై రకాలూ ఒకే సైజులో ఉన్నాయంటే అవి వేరే చోట నుంచి వచ్చి బల్ల మీద చేరుతున్నాయని అర్థం. పురుగుకి ఏం వాడతారని, నేలకు ఏం వేస్తారని అడగండి. వేప కషాయం ఎలా కాస్తారో, పేడ, గోమూత్రంతో చేసి నేలకు పోసే జీవామృతంలో బెల్లం, పిండి ఎంత కలుపుతారో చేసేవాడు ఆపకుండా చెబుతాడు. ఆర్గానిక్‌లో అసలు ఏ మందూ ఉండదని చెప్పేవాళ్ల కన్నా వీళ్లను నమ్ముతాను. వేపనూనె, రాగి మందులు కొన్ని పరిమితులతో అక్కడా వాడతారు.

6. ధర తగ్గే చోట కొనండి

ఎందుకు ఎక్కువో తెలిస్తే ఎక్కడ తగ్గించవచ్చో తెలుస్తుంది. దిగుబడి తక్కువ. ప్రపంచవ్యాప్త అధ్యయనాలు కలిపి చూస్తే సుమారు 19 నుంచి 25 శాతం తక్కువ వస్తోంది. కలుపు చేత్తో తీయించాలి, కూలి ఎక్కువ. రసాయనాలు మానేశాక ఏక వార్షిక పంటలకు రెండేళ్లు, పండ్ల తోటల వంటివాటికి మూడేళ్లు ఆగితేగానీ పూర్తి సర్టిఫికెట్ రాదు. వీటిని మనం తగ్గించలేం, తగ్గించమని అడగనూ కూడదు. కానీ ధరలో ఇంకో పెద్ద ముక్క ఉంది: అమ్ముడుపోక వాడిపోయిన సరుకు. షాపువాడు పారేసిన ఆకు ధర కూడా మనం కొన్న ఆకులోనే కలిపి ఉంటుంది. ఇది మన చేతిలో ఉన్నది.

అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఇళ్లు కలిస్తే వారానికి ఇంటికి ఐదు కిలోల చొప్పున 100 కిలోలు. ముందే చెప్పి, ముందే డబ్బు వేసి, ఒకే రోజు దింపించుకుంటే వృథా ఉండదు, బండి ఖర్చు పంచుకుపోతుంది. హొస్కోటె, దొడ్డబళ్లాపుర, ఆనేకల్ చుట్టుపక్కల కూరగాయలు పండించే ఊళ్లు దగ్గరే. ఏం పండితే అది పంపమని రైతుకే వదిలేస్తే ఇంకా తక్కువకు ఇస్తారు. రెండు వారాలు వరుసగా సొరకాయ వచ్చినా సర్దుకోవాలి మరి. మధ్యలో ఒకరు వద్దని తప్పుకుంటే రైతు నష్టపోతాడు కాబట్టి కనీసం మూడు నెలలు మాట మీద నిలబడేవాళ్లనే చేర్చుకోండి.

పైన చెప్పిన ఆ రెండు మూడేళ్ల మార్పిడి దశలో ఉన్న రైతుల సరుకు దొరికితే వదలకండి. పీజీఎస్‌లో దానికి గ్రీన్ అని ప్రత్యేక గుర్తు ఉంది. మందులు మానేశారు, దిగుబడి పడిపోయింది, పూర్తి ఆర్గానిక్ ధర ఇంకా రాదు. రైతుకు చేయూత అవసరమైన కాలం అదే, మనకూ తక్కువ ధరకు దొరుకుతుంది.

కరివేపాకు, పుదీనా, కొత్తిమీర అసలు కొనకండి. కాస్త ఎండ తగిలే బాల్కనీ ఉంటే చాలు. నర్సరీ నుంచి కరివేపాకు మొక్క తెచ్చి పెద్ద కుండీలో పెట్టి, వంటింటి కంపోస్టు వేసి, మొదటి ఏడాది కోతకు తొందరపడకుండా ఉంటే తరువాత పోపుకి లోటుండదు.

7. పప్పులు ఊరి నుంచి తెప్పించుకోండి

బెంగళూరులో ఉన్న మనకు ఉన్న పెద్ద సౌకర్యం ఇది. అనంతపురం, హిందూపురం, కదిరి, మదనపల్లె పూట ప్రయాణం. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం నడుస్తోంది, చాలా ఊళ్లలో అలా పండించేవాళ్లు ఉన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో నడిచే ధరణి రైతుల సహకార సంఘం చిరుధాన్యాలు, పప్పులు, వేరుశనగ అమ్ముతుంది. కందికి కాయ తొలిచే పురుగు కోసం బాగానే మందు కొడతారు కాబట్టి పప్పును ఆర్గానిక్ జాబితాలో పెట్టడం న్యాయమే. నగరంలో ప్యాకెట్ కొనేకన్నా కోత అయిన వెంటనే పది కిలోలు నేరుగా తీసుకుని ఆర్టీసీ కార్గోలో వేయించుకుంటే చాలావరకు కలిసొస్తుంది.

ఒక్క జాగ్రత్త. గోదాముల్లో మామూలు పప్పుకు పురుగు పట్టకుండా విషవాయువు పెడతారు, ఆర్గానిక్‌కు పెట్టరు. అందుకని త్వరగా పుచ్చుతుంది. పప్పు వచ్చిన రోజే పళ్లెంలో పరిచి గుప్పిట్లోకి తీసుకుని చూడండి. వేళ్లకు పిండిలా అంటుకుంటే పురుగు మొదలైనట్టే. లేకపోతే రెండు రోజులు మంచి ఎండలో పోసి, చల్లారాక కిలోకి చెంచాడు ఆముదం పట్టించి, తడి లేని డబ్బాలో మూత బిగించండి. ఎండిన వేపాకు వేసినా మంచిదే. వానాకాలంలో ఈ పని కుదరదు కాబట్టి మూడు నెలలకు మించి నిల్వ పెట్టుకోకండి. బియ్యానికి మాత్రం ఆర్గానిక్ చివరన ఆలోచించండి. ఖర్చు ఎక్కువ, ముందు కూరల సంగతి చూసుకోవాలి.

8. మిగతావి బాగా కడగండి

జాబితాలో లేని 34 కిలోలు మామూలువే. పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడగడం మొదటి పని. అర లీటరు నీళ్లకు చెంచాడు వంటసోడా కలిపి పావుగంట నానబెట్టి మళ్లీ కడగవచ్చు. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం యాపిల్ పండ్ల మీద చేసిన ప్రయోగంలో ఇంతే గాఢత ఉన్న సోడా నీళ్లు 12 నుంచి 15 నిమిషాల్లో తొక్క పైన ఉన్న రెండు రకాల మందులను తొలగించాయి, తొక్క లోపలికి ఇంకినది మాత్రం పోలేదు. మొక్క పీల్చుకునే మందులు ఎంత కడిగినా పోవు. 4వ భాగంలో చెప్పిన జాబితా అవసరం అందుకే. క్యాబేజీ పై రెండు పొరలు తీసేయండి, కాలీఫ్లవర్ రెమ్మలు విడదీశాకే కడగండి. సబ్బు, డిటర్జెంట్ అసలు వద్దు. ఆర్గానిక్‌వీ కడగాలి, వాటికి పశువుల ఎరువు వాడతారు.

9. ధరలు ఎగిసే నెలలకు ముందే సిద్ధపడండి

2023 జూలైలో టమాటా కిలో 100 దాటిన రోజులు గుర్తుండే ఉంటాయి. కోలార్, మదనపల్లె మార్కెట్లలో సరుకు తగ్గితే బెంగళూరు బండి మీద మరుసటి రోజుకే తెలుస్తుంది. రైతుతో ఏడాదికి ఒకే ధర మాట్లాడుకున్న గుంపులకు అలాంటి నెలల్లో ఆర్గానిక్‌కు, మామూలుకు తేడా కరిగిపోతుంది, ఒక్కోసారి ఆర్గానిక్కే చవక పడుతుంది. అయితే టమాటా కిలో పది రూపాయలకు పడిపోయిన నెలలో కూడా అదే ధర మీరు ఇవ్వాలి. ఈ మాట రెండు వైపులా ముందే ఒప్పుకోండి, వీలైతే ఉగాది నాటికి. జూన్‌లో ధరలు ఎగిశాక ఒప్పందానికి వెళితే ఏ రైతూ ఒప్పుకోడు.